మన కంప్యూటర్ మనమే కూర్చుకుందాం – 4వ పాఠం: చివర్లో ఉన్న ఆ ‘ఎఫ్’

ఈసారి ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) గురించి చెబుతానని పోయినసారి మాటిచ్చాను. చెబుతాను, కానీ చివర్లో, నాలుగు ముక్కల్లో. ఎందుకంటే మూడో పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం కొంతమంది జేబుకి చిల్లు పెట్టింది. "విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారు కాబట్టి ప్రాసెసర్ ఎఫ్ రకం తీసుకున్నా పర్లేదు, రెండు వేలు మిగుల్తాయి" అన్నాను. ఎఫ్ రకం అంటే పేరు చివర్లో ఎఫ్ ఉండి, లోపలి గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్. గేములు మాత్రమే ఆడేవాళ్లకి అది ఇప్పటికీ నిజమే. వీడియో పని కూడా చేసేవాళ్లకి మాత్రం అంత తేలిగ్గా చెప్పేయకుండా ఉండాల్సింది. తప్పు నాదే.

తెనాలి దగ్గర పెళ్లి వీడియోలు తీసే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు చెప్పినట్టే కొన్నాను. ఐ5-12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 4060, 32 జీబీ ర్యామ్. గేములు దున్నేస్తోంది. తలంబ్రాల క్లిప్ పెడితే మాత్రం మూలుగుతోంది" అన్నాడు. స్క్రీన్‌ని ఫోన్‌తో తీసి పంపించాడు. పెళ్లికూతురు చెయ్యెత్తింది. అంతే, ఆగిపోయింది. బియ్యం గింజలు గాల్లో వేలాడుతున్నాయి. రెండు సెకన్ల తర్వాత ఒక్కసారిగా పెళ్లికొడుకు నెత్తిమీద ఉన్నాయి. పక్కనే టాస్క్ మేనేజర్ తెరిచి ఉంది. సీపీయూ నూటికి నూరు. గ్రాఫిక్స్ కార్డు పేజీలో ‘వీడియో డీకోడ్’ అనే చిన్న గ్రాఫ్ ఒకటుంటుంది చూడండి, అది గీత గీసినట్టు చదునుగా పడుకుని ఉంది.

"ఏ మోడ్‌లో తీశావు తమ్ముడూ?" అన్నాను.

"4కే, 10 బిట్, 4:2:2 అన్నా. కలర్ బాగుంటుందని."

విషయం అక్కడుంది. ఇది అర్థం కాకుండా ఏ పార్టు కొన్నా గుడ్డిగా కొన్నట్టే, అందుకని కాస్త విసుగొచ్చేదాకా చెబుతాను.

ఎన్‌కోడింగ్, అంటే వీడియోని కుదించి ఫైలుగా చేయడం, అనగానే అందరికీ మూట కట్టడమే గుర్తొస్తుంది. నిజానికి అది మూట విప్పి, సర్ది, మళ్లీ చిన్న మూటగా కట్టడం. కెమెరా ఇచ్చిన ఫైలు ముందే ఒక మూట. దాన్ని విప్పడం డీకోడింగ్. ఎడిటింగ్‌లో మీరు క్లిప్‌ని అటూ ఇటూ లాగిన ప్రతిసారీ జరిగేది ఈ విప్పడమే. కట్టడానికి ఎంత మంచి కార్డు కొన్నా, విప్పే చెయ్యి లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

10 బిట్ అంటే ఒక్కో రంగుకీ ఎక్కువ ఛాయలు రాసుకోవడం, అంతే. ఇక ఆ 4:2:2 ఏమిటంటే, మన కన్ను వెలుగునీడల్లో తేడాని ఇట్టే పట్టేస్తుంది, రంగులో తేడాని అంతగా పట్టదు. అందుకని కెమెరాలు ప్రతి పిక్సెల్‌కీ వెలుగు విలువ రాసుకుంటాయి కానీ రంగు విలువని పక్కపక్క పిక్సెళ్లకి పంచుతాయి. 4:2:2లో రెండు పిక్సెళ్లకి ఒక రంగు. 4:2:0లో నాలుగింటికి ఒకటి. అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది పిక్సెళ్లు తీసుకోండి. వెలుగుకి ఎనిమిది అంకెలు ఎలాగూ కావాలి. రంగుకి, ఒక్కో రంగూ రెండేసి అంకెలు కాబట్టి, 4:2:2లో ఎనిమిది, 4:2:0లో నాలుగు. మొత్తం 16, 12. అంటే విప్పాక మోయాల్సిన సరుకు మూడో వంతు ఎక్కువ. అదొక్కటే అయితే బాధ లేదు. అసలు చిక్కు, గ్రాఫిక్స్ కార్డుల్లో వీడియో విప్పే భాగం చాలాకాలం 4:2:0 కోసమే తయారైంది. ఫోన్లు, యూట్యూబ్, ఓటీటీ సినిమాలు అన్నీ దాదాపు అదే రకం కాబట్టి తయారీదార్లకి వేరేది అవసరం అనిపించలేదు.

ఎన్‌విడియాలో 4:2:2 విప్పడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. 4060 అయినా, 4090 అయినా ఆ విషయంలో ఒకటే, చేతులెత్తేస్తాయి. ఏఎండీ వాళ్ల రేడియాన్ కార్డుల్లో 7000 సిరీస్ దాకా చూసినా లేదు. విచిత్రంగా, మనందరం "అది దేనికీ పనికిరాదు" అని తీసిపారేసే ఇంటెల్ ప్రాసెసర్లోని చిన్న గ్రాఫిక్స్ ఉంది చూశారూ, 12వ తరం నుంచి కొన్నా అది హెచ్‌ఈవీసీ (హెచ్.265 అని కూడా అంటారు, వీడియోని మూట కట్టే ఒక పద్ధతి) 10 బిట్ 4:2:2ని హాయిగా విప్పుతుంది. దాని పేరు క్విక్ సింక్. ఎఫ్ ఉన్న చిప్‌లో తీసేసింది సరిగ్గా దాన్నే. రెండు వేలు మిగిల్చుకున్నామనుకున్నది ఆ తమ్ముడికి కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇందులోనే ఇంకో మెలిక. హెచ్‌ఈవీసీ అన్నాను, గమనించారా? అదే 4:2:2 10 బిట్‌ని కెమెరా దానికంటే పాత పద్ధతి హెచ్.264లో రాస్తే ఈ ఇంటెల్ చిప్‌లు కూడా విప్పలేవు. సోనీ వాడేవాళ్లు మెనూలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అని ఉంటే అది హెచ్.264, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అని ఉంటే హెచ్‌ఈవీసీ అని గుర్తుపెట్టుకోండి. పేరులో ఒక్క ‘హెచ్’ తేడా. ఫైలు కొంచెం చిన్నదవుతుంది కూడా.

తెనాలి తమ్ముడు వాళ్ల వీధిలో గేములు తప్ప ఇంకేమీ పట్టని ఇంటర్ కుర్రాడికి ఆ ఎఫ్ చిప్ అమ్మేసి ఐ5-12500 తెచ్చుకున్నాడు. 12400 కాకుండా 12500 ఎందుకంటే, నేనే చెప్పాను: 12400లో వీడియో ఇంజిన్ ఒకటి, 12500లో రెండు. అదే తేడా 13400కీ 13500కీ మధ్య కూడా ఉంది. ధరలో తేడా తక్కువుంటే నేనెప్పుడూ ఆ 500తో ముగిసే చిప్ వైపే మొగ్గుతాను.

మర్నాడు మళ్లీ ఫోన్. "అన్నా, మార్చాను. అయినా అదే కథ."

మదర్‌బోర్డులో గ్రాఫిక్స్ కార్డు గుచ్చగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని నిద్రపుచ్చేస్తాయి. బయోస్‌లోకి (విండోస్ తెరుచుకోకముందే వచ్చే సెట్టింగుల మెనూ) వెళ్లి ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ అనే దాన్ని ఆన్ చేయించాను. కొన్ని బోర్డుల్లో పేరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తర్వాత విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి. మానిటర్ కేబుల్ మాత్రం కార్డుకే ఉండాలి, దాన్ని బోర్డుకి మార్చారంటే గేములు పాకుతాయి. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనిపించాయి, తలంబ్రాలు ఆగకుండా పడ్డాయి.

ఇప్పటికే ఎఫ్ కొనేసినవాళ్లు కంగారు పడకండి. మీ ఫైళ్లు 8 బిట్ 4:2:0 గానీ, హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:0 గానీ అయితే మీకు అసలు సమస్యే లేదు, 4060 లాంటి కార్డే విప్పుతుంది, కడుతుంది. గేమ్ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లందరూ ఈ గుంపులోనే ఉంటారు. 4:2:2 తీసేవాళ్లు కెమెరాని హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:0కి మార్చుకోవచ్చు. గ్రీన్ మ్యాట్ వాడి వెనక బొమ్మ మార్చే పని లేకపోతే పెళ్లి వీడియోకి అది సరిపోతుందని నా అభిప్రాయం. కలర్ సరిదిద్దేటప్పుడు ఆదుకునేది ఆ 10 బిట్, 4:2:2 కాదు. అదీ కుదరకపోతే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకోండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతాయి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ వాళ్లకీ ఇదే మాట. 5600లో లోపలి గ్రాఫిక్సే లేదు. 7600లో ఉన్నా 4:2:2 విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

విప్పడం అయింది, ఇక కట్టడం. ఇందులో రెండు దార్లు. ఎక్స్264, ఎక్స్265 లాంటి ప్రోగ్రాములు ప్రాసెసర్ కోర్లతో నిదానంగా, శ్రద్ధగా కడతాయి. ఎక్కువ కోర్లుంటే ఎక్కువ వేగం. ఎన్‌విడియా కార్డులో వీడియో కట్టడానికే ఉండే భాగం, ఎన్‌వెంక్, చకచకా కడుతుంది, అదే సైజులో నాణ్యత కొంచెం తగ్గుతుంది. నేను కస్టమర్‌కి చూపించే డ్రాఫ్టులన్నీ ఎన్‌వెంక్‌తో, చివరి కాపీ ఎక్స్265తో చేస్తాను. అలవాటు, అంతే.

పెద్ద కార్డు కొంటే ఎన్‌కోడింగ్ నాణ్యత పెరుగుతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పెరగదు. ఎన్‌వెంక్ గేమ్ ఆడించే కోర్లతో సంబంధం లేని వేరే గది. 4060లో ఉన్నదే 4070లోనూ ఉంది. 4070 టీఐ నుంచి అలాంటివి రెండుంటాయి, కాబట్టి వేగం పెరగొచ్చు కానీ బొమ్మ మెరుగవదు. పాత కార్డులు కొనేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. జీటీ 1030లో ఎన్‌వెంక్ లేనే లేదు. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీల్లో వీడియో కట్టే భాగమే పెట్టలేదు. ఏవీ1 అనే ఇంకా కొత్త పద్ధతిలో కట్టాలంటే ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 40 నుంచి మొదలు, 30 సిరీస్ దాన్ని విప్పుతుంది కానీ కట్టదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా, మీ ఊరి షాపులో అయినా "కార్డు ఉంది కదా సార్, అన్నీ చేస్తుంది" అంటారు. తల ఊపి, మోడల్ నంబర్ రాసుకుని ఇంటికి రండి.

డిస్క్ గురించి ఒక్క లెక్క. కెమెరా ఫైలు సెకనుకి 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు. గంటకి 45 జీబీ. పాత హార్డ్ డిస్క్ కూడా సెకనుకి వంద మెగాబైట్లు తేలిగ్గా ఇస్తుంది. కాబట్టి ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కొంటే ఎన్‌కోడింగ్ వేగం పెరగదు. గేములు త్వరగా తెరుచుకోవడానికి మామూలు ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ చాలు.

ర్యామ్: 16 జీబీవి రెండు స్టిక్కులు, 32ది ఒకటి కాదు. నాలుగు స్లాట్లున్న బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పెట్టె మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు) ఆన్ చేయండి.

ఎస్‌ఎంపీఎస్: క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది వాడొద్దు. 80 ప్లస్ స్టిక్కర్ కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది, లోపలి సరుకు గట్టిదో కాదో చెప్పదు. 4060కి 115 వాట్లు, 12500కి గరిష్ఠంగా 117, మిగతా అన్నిటికీ ఓ 60 వేసుకోండి, 300 దాటదు. మంచి కంపెనీ 550 వాట్లది చాలు. 850 వాట్లు అంటగట్టబోతే వద్దనండి. 600 వీఏ యూపీఎస్ చాలావాటిలో 360 వాట్లే ఇస్తుంది, అది కూడా కొద్ది నిమిషాలు. కరెంటు పోయినప్పుడు సేవ్ చేసి ఆపుకోవడానికే తప్ప ఎన్‌కోడింగ్ పూర్తి చేయడానికి కాదు.

ఒక్క మాట వేసవి గురించి. గేములో ప్రాసెసర్ మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటుంది. ఎక్స్265కి ఆ దయ లేదు, గంటల తరబడి అన్ని కోర్లనీ పిండుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, ముందువైపు అద్దం బిగించిన క్యాబినెట్‌లో ఆ వేడి ఎక్కడికి పోతుంది? ముందు జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి, లైట్లు లేకపోయినా సరే. పైగా 12500 లాంటి 65 వాట్ల చిప్‌లు మొదట 117 దాకా ఎగిరి, ఇంటెల్ హద్దులు పాటించే బోర్డుల్లో కాసేపటికి 65కి దిగుతాయి. మొదటి అర నిమిషం వేగం చూసి మురిసిపోకండి.

అభ్యాసం. కొనకముందే చేయాలి, మీ దగ్గర లేకపోతే స్నేహితుడి కంప్యూటర్ మీద చేయండి. మీరు నిజంగా తీసిన క్లిప్‌లోంచి ఒక నిమిషం తీసుకోండి. తలంబ్రాలో, హోమం పొగో, సీరియల్ బల్బులో ఉన్నది అయితే మంచిది, ఎన్‌కోడర్లని ఏడిపించేవి అవే. మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాములో తెరిచి కోడెక్ (హెచ్.264నా, హెచ్‌ఈవీసీనా), బిట్ డెప్త్ (8 బిట్టా, 10 బిట్టా), క్రోమా సబ్‌శాంప్లింగ్ (4:2:0నా, 4:2:2నా), బిట్‌రేట్ (సెకనుకి ఎన్ని మెగాబిట్లు) కాగితం మీద రాయండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఎన్‌కోడింగ్ ప్రోగ్రాములో ఎక్స్265 మీడియంతో ఒకసారి, ఎన్‌వెంక్ హెచ్‌ఈవీసీతో ఒకసారి, రెండూ సగటు బిట్‌రేట్ 15 మెగాబిట్లకే పెట్టి చేయండి. క్వాలిటీ నంబర్ 20 అని రెండిటికీ పెట్టి పోల్చొద్దు, ఆ 20 ఇక్కడొకటి, అక్కడొకటి. ఎంతసేపు పట్టిందో రాయండి. చివరిగా అదే క్లిప్‌ని ముప్పైసార్లు వరుసగా క్యూలో పెట్టి, మొదటిదానికి పట్టిన సమయమూ, ముప్పయ్యో దానికి పట్టిన సమయమూ పక్కపక్కన రాయండి. మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాన్ మాత్రమే వేసుకుని.