మన కాంగ్రెస్‌మన్ గవర్నర్‌గా దిగుతాడా? పుకారును మనమే తూచి చూసుకోవడం ఎలా

అమెరికా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నికల సీజన్ దగ్గరపడిందంటే ఈ వార్త తిరగడం మొదలవుతుంది: "మన ఏరియా కాంగ్రెస్‌మన్ గవర్నర్‌గా పోటీ చేస్తున్నాడంట!" ఇద్దరు అవునంటారు, ముగ్గురు కాదంటారు, ఈలోపు ఒకాయన ఫండ్‌రైజర్ ఫ్లయర్ కూడా పెట్టేస్తాడు. టీవీల్లో అయితే నెలల తరబడి ఇదే చర్చ. కానీ నాలుగైదు విషయాలు వరసగా చూసుకుంటే టీవీ వాళ్ల కన్నా ముందే మనకు ఒక అంచనా వస్తుంది, ఆ నాలుగైదింటిలో ఆ నాయకుడు మైకు ముందు ఏం చెప్పాడన్నది అన్నిటికన్నా చివరిది.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. అక్కడి గవర్నర్ రాజ్‌భవన్ గవర్నర్ కాదు, జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే మనిషి, అధికారాల విషయంలో మన ముఖ్యమంత్రికి సమానం. కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు, అందులో హౌస్ మన లోక్‌సభ లాంటిది, సెనేట్ రాజ్యసభ లాంటిది. కాంగ్రెస్‌మన్ అంటే హౌస్ సభ్యుడు. అంటే ఇది ఎంపీ సీఎం కావాలనుకునే కథ. మనకు కొత్తేం కాదు, రేవంత్ రెడ్డి మల్కాజ్‌గిరి ఎంపీగా ఉంటూనే 2023లో కొడంగల్, కామారెడ్డి రెండు చోట్లా నిలబడ్డారు, కొడంగల్‌లో గెలిచి సీఎం అయ్యాకే ఎంపీ పదవి వదిలారు. రెండు చోట్లా ఓడిపోయి ఉన్నా ఎంపీ సీటు ఎక్కడికీ పోయేది కాదు. అమెరికాలో చాలామందికి ఆ సౌకర్యం లేదు, అసలు తిరకాసు అంతా అక్కడే ఉంది.

కాబట్టి పుకారు వినగానే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఓడిపోతే ఈ మనిషికి ఏం మిగులుతుంది?

హౌస్ సభ్యుడి పదవీకాలం రెండేళ్లే. 2026లో 36 రాష్ట్రాల్లో గవర్నర్ ఎన్నికలు వచ్చాయి, అదే రోజు హౌస్‌లోని 435 సీట్లకూ ఎన్నిక. గవర్నర్‌గా నిలబడాలంటే హౌస్ సీటు వదులుకోవాల్సిందే, ఓడిపోతే జనవరిలో పెట్టే బేడా సర్దుకుని ఇంటికి. న్యూయార్క్‌లో లీ జెల్డిన్ 2022లో ఇలాగే హౌస్ సీటు వదులుకుని క్యాథీ హోకుల్ మీద పోటీ చేసి ఓడిపోయారు. ఫ్లోరిడాలో చార్లీ క్రిస్ట్ అదే ఏడాది హౌస్‌కు రాజీనామా చేసి మరీ అప్పుడు గవర్నర్‌గా ఉన్న డిసాంటిస్ మీద దిగి చిత్తుగా ఓడారు.

వీళ్లందరికన్నా టామ్ స్వాజీ కథ బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఒక పోటీ వల్ల ఎన్ని తలకిందులవుతాయో అందులో ఉంది. లాంగ్ ఐలాండ్ వైపు డెమొక్రాట్ సీటు ఆయనది. 2022లో దాన్ని వదిలేసి సొంత పార్టీ గవర్నర్ హోకుల్ మీదే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో) దిగారు, జూన్‌లో ఘోరంగా ఓడిపోయారు. ఖాళీ అయిన ఆ సీటును నవంబర్‌లో రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచింది ఎవరంటే జార్జ్ శాంటోస్! చదువు, ఉద్యోగం అన్నీ కల్పించి చెప్పుకున్న ఆ శాంటోసే. 2023 డిసెంబర్‌లో హౌస్ ఆయన్ని బహిష్కరించింది, 2024 ఫిబ్రవరిలో ఉపఎన్నిక జరిగింది, అందులో గెలిచి స్వాజీ మళ్లీ తన పాత సీట్లో కూర్చున్నారు. అందరికీ ఇలా తిరిగి దొరకదు. పార్టీ పెద్దలు తమ ఎంపీలను "నువ్వు గవర్నర్ జోలికి పోకు" అని ఎందుకు ఆపుతారో ఈ ఒక్క కథలో అర్థమైపోతుంది.

ఇక రిస్కు లేనివాళ్లు రెండు రకాలు. మొదటిది, బేసి సంవత్సరాల్లో గవర్నర్ ఎన్నిక జరిగే రాష్ట్రాల వాళ్లు: వర్జీనియా, న్యూజెర్సీ (ఈ రెంటిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు), ఇంకా కెంటకీ, మిసిసిపీ, లూసియానా. అక్కడ హౌస్ సీటులో కూర్చునే పోటీ చేయొచ్చు. న్యూజెర్సీలో 2025 ప్రైమరీకి మైకీ షెరిల్, జాష్ గాట్‌హైమర్ ఇద్దరూ హౌస్ సభ్యులుగా ఉండగానే దిగారు. జూన్‌లో ఓడిన గాట్‌హైమర్ ఏమీ పోగొట్టుకోకుండా తన హౌస్ సీటులో కొనసాగారు, షెరిల్ నవంబర్‌లో గవర్నర్‌గా గెలిచాకే హౌస్‌కు రాజీనామా చేశారు. అందుకని ఈ రాష్ట్రాల్లో పుకారు వస్తే నేనైతే నమ్మే వైపే మొగ్గుతాను, పోయేదేమీ లేనప్పుడు ఎవరైనా ఒక చెయ్యి వేసి చూస్తారు కదా.

రెండో రకం సెనేటర్లు. ఆరేళ్ల పదవి కాబట్టి తమ సీటు ఎన్నిక లేని ఏడాది చూసుకుని గవర్నర్‌కు దిగితే ఓడినా వాషింగ్టన్‌లో కుర్చీ అలాగే ఉంటుంది. కొలరాడోలో మైకేల్ బెన్నెట్, టెనెసీలో మార్షా బ్లాక్‌బర్న్, మినెసోటాలో ఏమీ క్లోబుషర్ ముగ్గురూ 2026 పోటీకి ఈ ధీమాతోనే దిగారు. అలబామాలో టామీ ట్యూబర్‌విల్ మాత్రం వేరు, ఆయన సెనేట్ పదవీకాలం కూడా అప్పుడే ముగుస్తోంది, అంటే సెనేట్ వదులుకుని దిగినట్టే.

రెండో ప్రశ్న, గవర్నర్ కుర్చీ ఖాళీగా ఉందా? వర్జీనియాలో గవర్నర్ వరసగా రెండోసారి నిలబడకూడదన్నది ఆ రాష్ట్ర రాజ్యాంగ నియమం, కాబట్టి అక్కడ ప్రతి నాలుగేళ్లకూ కుర్చీ ఖాళీ అవుతుంది, పుకార్లూ అంతే క్రమం తప్పకుండా పుడతాయి. న్యూయార్క్‌లో అలాంటి పరిమితి లేదు, ఉన్న గవర్నర్‌ను ఓడించాల్సిందే. కొన్నిసార్లు కుర్చీ అనుకోకుండా ఖాళీ అవుతుంది: మినెసోటాలో టిమ్ వాల్జ్ మళ్లీ పోటీ చేస్తానని చెప్పి 2026 జనవరి మొదట్లో తప్పుకున్నారు, నెల తిరక్కుండానే క్లోబుషర్ దిగిపోయారు. అయోవాలో కిమ్ రెనాల్డ్స్ 2025 ఏప్రిల్‌లో తప్పుకోగానే హౌస్ సభ్యుడు ర్యాండీ ఫీన్‌స్ట్రా మే నెలలోనే కాగితాలు దాఖలు చేశారు, అధికారిక ప్రకటన మాత్రం అక్టోబర్ దాకా రాలేదు. ఆ అయిదు నెలలూ "చేస్తాడా, చేయడా" అని చర్చలు పెట్టినవాళ్లను చూస్తే నవ్వొస్తుంది, కాగితం పడ్డాక ఇంకేం చర్చ! రాష్ట్ర ఎన్నికల విభాగం వెబ్‌సైట్‌లో ఆ నాయకుడి ప్రచార కమిటీ రిజిస్టర్ అయిందా లేదా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు, ఫోన్‌లో రెండు నిమిషాల పని.

తరువాత డబ్బు. హౌస్ అభ్యర్థులు ఎన్నికల విరాళాల లెక్కలు మూడు నెలలకోసారి ఫెడరల్ (అంటే కేంద్ర) ఎన్నికల సంఘానికి ఇవ్వాలి, ఏప్రిల్ 15, జులై 15, అక్టోబర్ 15, జనవరి 31 ఆ తేదీలు. ఈ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. సురక్షితమైన సీటున్న మనిషి అవసరం లేకుండా కోట్లు కూడబెడుతున్నాడా, లేక ఎప్పుడూ బాగా వసూలు చేసే మనిషి ఉన్నట్టుండి వసూళ్లు తగ్గించేశాడా, రెండూ గమనించాల్సినవే. హౌస్ ఖాతాలో డబ్బును గవర్నర్ పోటీకి మళ్లించొచ్చా లేదా అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది, రాష్ట్ర ఖాతా నుంచి ఫెడరల్ పోటీకి మళ్లించడం మాత్రం కుదరదు. అందుకే మనసులో గవర్నర్ ఆశ ఉన్నవాళ్లు కొందరు హౌస్ ఖాతాలోనే డబ్బు పోగేసుకుంటూ కూర్చుంటారు, అది రెండు వైపులా పనికొస్తుంది కాబట్టి.

పార్టీ పెద్దల మాట ఎంత పనిచేస్తుందో చూడాలంటే మళ్లీ న్యూయార్క్‌కే వెళ్లాలి. మైక్ లాలర్ అనే రిపబ్లికన్, హడ్సన్ వ్యాలీలో ఎటైనా వాలే సీటు ఆయనది. 2025 మొదటి సగమంతా గవర్నర్‌గా దిగుతారా అన్న చర్చే. మే నెలలో ట్రంప్ ఆయనకు మద్దతు ప్రకటించారు, కానీ దేనికి? హౌస్‌కు మళ్లీ పోటీ చేయడానికి! పైకి ఆశీర్వాదం, లోపల "ఉన్నచోటే ఉండు" అని హెచ్చరిక. హౌస్‌లో రిపబ్లికన్ల మెజారిటీ చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత, అలాంటి సీటు చేజార్చుకోవడం ఎవరికిష్టం? జులైలో లాలర్ తానుగా గవర్నర్ పోటీ చేయనని చెప్పేశారు. మే నెల మద్దతు ప్రకటనను సరిగ్గా చదివినవాళ్లకు జులై కబురు పాతదే.

లాలర్ తప్పుకున్నాక అందరి కళ్లూ ఎలీస్ స్టెఫానిక్ మీద పడ్డాయి. ఐక్యరాజ్యసమితి రాయబారిగా ఆమెను నామినేట్ చేసి, హౌస్ మెజారిటీ తగ్గిపోతుందన్న భయంతో 2025 మార్చిలో ట్రంపే ఆ నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. నవంబర్‌లో ఆమె గవర్నర్ పోటీ ప్రకటించారు. డిసెంబర్‌లో నాసా (Nassau) అనే కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, పెద్ద అయిన బ్రూస్ బ్లేక్‌మన్ కూడా దిగారు, ట్రంప్ ఆమెకు మద్దతు ప్రకటించలేదు. డిసెంబర్ 19న ఆమె పోటీ నుంచి తప్పుకోవడమే కాదు, హౌస్‌కు కూడా మళ్లీ నిలబడనని చెప్పారు. రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట. మర్నాడే ట్రంప్ బ్లేక్‌మన్‌కు మద్దతిచ్చారు. ఫ్లోరిడాలో బైరన్ డోనల్డ్స్ విషయంలో ఇది పూర్తిగా తిరగబడింది, 2025 ఫిబ్రవరిలో ట్రంప్ మద్దతు ముందు వచ్చింది, డోనల్డ్స్ ప్రకటన ఆ తర్వాతి వారం వచ్చింది. రిపబ్లికన్ల వైపు ఏ పుకారైనా ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడండి, చాలావరకు తేలిపోతుంది. డెమొక్రాట్ల వైపు అలా ఒక్కరి మాటతో తేలదు, యూనియన్లు, కౌంటీ నాయకులు, ఫండింగ్ చేసేవాళ్లు ఇలా నలుగురైదుగురిని గమనించాలి.

పుకారు ఎవరు వదిలారో కూడా ఆలోచించండి. "ఆయనకు సన్నిహితంగా ఉండేవారు చెప్పిన ప్రకారం" అని వార్త వస్తే అది చాలాసార్లు ఆయన ఆఫీసు నుంచే వచ్చి ఉంటుంది, జనం ఎలా తీసుకుంటారో చూద్దామని. ఇంకోసారి ఆ హౌస్ సీటు మీద కన్నేసినవాళ్లు వదులుతారు, పొమ్మనలేక పొగబెట్టడం. సొంతంగా చేయించుకున్న సర్వేలో నాయకుడే ముందున్నాడని లీకైతే దాన్ని సర్వేగా కాక ప్రకటనగా చూడండి.

చివరికి నోటి మాట. "ప్రస్తుతానికి ఆ ఆలోచన లేదు" అంటే ఆ మొదటి మాటే ముఖ్యం, రేపు ఆ ఆలోచన రావొచ్చు. "కుటుంబంతో మాట్లాడుతున్నాను" అంటే దాదాపు దిగినట్టే, లేదా గౌరవంగా వెనక్కి తగ్గడానికి దారి చూసుకుంటున్నట్టు, ఏది అన్నది డబ్బు లెక్కలు చూస్తే తెలుస్తుంది. "నా దృష్టంతా నియోజకవర్గం మీదే" అన్నది పాము చావకుండా కర్ర విరగకుండా చెప్పే మాట. ఆ మాట చెప్పిన మనిషి తన నియోజకవర్గం దాటి రాష్ట్రంలో అవతలి మూలకు ఎన్నిసార్లు వెళ్తున్నాడో చూడండి, అక్కడి కౌంటీ పార్టీ విందుల్లో ఆయనకేం పని?

కొందరు అసలు ఈ నాటకమే ఆడరు. వర్జీనియాలో ఎబిగేల్ స్పాన్‌బర్గర్ 2025 ఎన్నికకు రెండేళ్ల ముందే, 2023 నవంబర్‌లో, గవర్నర్‌గా పోటీ చేస్తానని, 2024లో హౌస్‌కు నిలబడనని ఒకేసారి చెప్పేశారు. పార్టీలో ప్రైమరీ పోటీయే లేకుండా అభ్యర్థి అయ్యారు, గెలిచారు. అదే ఎన్నికలో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ గవర్నర్ తర్వాతి పదవి అయిన లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. తొందరగా చెప్పడం వల్ల మిగతావాళ్లు వెనక్కి తగ్గుతారు, ఇది నా లెక్కలో పుకారు రాజకీయం కన్నా తెలివైన పద్ధతి, కానీ హౌస్ సీటు వదిలి ఏడాది పాటు పదవి లేకుండా తిరగడానికి ధైర్యం కావాలి.

గెలుపు అవకాశం గురించి కూడా అడుగుతుంటారు. 2018లో హౌస్ నుంచి అయిదుగురు గవర్నర్లయ్యారు: డిసాంటిస్, పోలిస్, వాల్జ్, లుహాన్ గ్రిషమ్, నోయెమ్. అదే ఏడాది టెనెసీలో డయాన్ బ్లాక్, ఐడహోలో రౌల్ లాబ్రడార్, హవాయిలో కొలీన్ హానబూసా ప్రైమరీ దాటలేకపోయారు. కాబట్టి "కాంగ్రెస్‌లో ఉన్నాడు, గెలుపు ఖాయం" అని ఎవరైనా అంటే తలూపి ఊరుకోండి.

ఇంతా చూశాక మనకేంటి అంటారా? గ్రీన్‌కార్డు వరస గవర్నర్ చేతిలో లేదు, అది ఫెడరల్ వ్యవహారం. స్కూళ్లు, స్టేట్ యూనివర్సిటీల ఫీజులు, డ్రైవింగ్ లైసెన్సు నియమాలు మాత్రం రాష్ట్రం చేతిలోవి. వీసాతో అసలు సంబంధమే లేదనీ అనలేం, డిసాంటిస్ 2025 అక్టోబర్‌లో ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీల్లో హెచ్1బీ ఉద్యోగాలు ఆపేయాలని చెప్పారు కదా.

ఆ ఫండ్‌రైజర్ ఫ్లయర్ పెట్టిన మిత్రుడి విషయానికొస్తే, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు విరాళం ఇవ్వకూడదు, హౌస్‌కైనా గవర్నర్‌కైనా కౌంటీ ఎన్నికకైనా అంతే, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. భార్య పేరుతోనో స్నేహితుడి పేరుతోనో ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. సిటిజన్ అయితే ప్రైమరీ నియమాలు ఇప్పుడే చూసుకోండి, వర్జీనియాలో పార్టీ రిజిస్ట్రేషనే లేదు కాబట్టి ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటేయొచ్చు, ఒకదాంట్లోనే సుమా. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్ రోజే పార్టీ చెప్పి వేయొచ్చు. న్యూయార్క్‌లో పార్టీ సభ్యులకే ఓటు, వేరే పార్టీలో రిజిస్టర్ అయి ఉండి జూన్ ప్రైమరీ కోసం మారాలనుకుంటే ఫిబ్రవరి 14 లోపు ఫారం చేరాలి.