పాత సాష్ కిటికీల మరమ్మతు, 3వ పాఠం: స్పైరల్ బ్యాలెన్స్ విప్పడం, మార్చడం, బిగువు సరిచేయడం

కిందటి పాఠంలో లోపలి పట్టీలు ఊడదీశాం, రెక్కకూ చట్రానికీ మధ్య అంటుకుపోయిన రంగును కోశాం. ఇప్పుడు రెక్క బరువు మోసే భాగం దగ్గరికి వద్దాం. పైకీ కిందికీ జరిగే ఈ సాష్ కిటికీల్లో చాలావాటిలో కనిపించేది స్పైరల్ బ్యాలెన్స్. ఒక్కో రెక్కకు రెండు ఉంటాయి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి.

చూడటానికి అది సన్నని గొట్టం. లోపల పొడుగాటి స్ప్రింగు, కింది అంచులోంచి బయటికి వచ్చే మెలికల కడ్డీ ఉంటాయి. గొట్టం పై కొసను చట్రం పక్క చెక్కకు పైభాగాన స్క్రూతో బిగిస్తారు. కడ్డీ కింది కొస రెక్క అడుగున ఉన్న బ్రాకెట్‌లో ఇరుక్కుని ఉంటుంది. రెక్క కిందికి దిగితే కడ్డీ బయటికి వస్తుంది. బ్రాకెట్ పట్టుకుని ఉండటం వల్ల కడ్డీ తిరగలేదు. అందుకని దాని మెలికల మీద కూర్చున్న బుష్ (కడ్డీ దూరి వెళ్లే చిన్న బిళ్ల) తిరుగుతుంది, దాంతోపాటు స్ప్రింగు చుట్టుకుంటుంది. అంటే రెక్క పూర్తిగా పైన ఉన్నప్పుడు స్ప్రింగు బిగువు అతి తక్కువ, అడుగున ఉన్నప్పుడు అతి ఎక్కువ. ఈ తేడా చేతికి తెలియకుండా ఉండటానికి కడ్డీ మెలికలను ఒక కొస నుంచి ఇంకో కొసకు దగ్గరగా, దూరంగా మారుస్తూ తిప్పుతారు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే లోపం ఎక్కడుందో చాలావరకు విప్పకుండానే చెప్పవచ్చు.

రెక్క పైదాకా తోస్తే కాస్త జారి ఆగుతోందా? బిగువు కొద్దిగా తగ్గింది, ఒకటి రెండు చుట్లు పెంచితే సరిపోతుంది. ఎక్కడ వదిలినా కిందికి వచ్చేస్తోందా? బిగువు బాగా పోయి ఉండాలి, లేదా రెక్క బరువు పెరిగి ఉండాలి. మూసిన రెక్క గడియ తీయగానే తనంతట తానే పైకి లేస్తే బిగువు ఎక్కువైంది. ఒక పక్క ఎత్తుగా, మరో పక్క దిగువగా ఏటవాలుగా కదిలితే రెండు పక్కల చుట్లు సమానంగా లేవు, లేదా ఒక పక్క స్ప్రింగు తెగింది. తెగిన స్ప్రింగును గుర్తుపట్టడం తేలిక: కడ్డీని బ్రాకెట్ నుంచి తప్పించి ఎటు తిప్పినా ఎదురు ఒత్తిడి ఏమీ ఉండదు.

కొత్తవి కొనేముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. బ్యాలెన్సులు రెండూ విప్పేశాక, రెక్కను మళ్లీ చట్రంలో పెట్టి ఇద్దరు పట్టుకుని పైకీ కిందికీ జరపండి. ఎక్కడా పట్టేయకూడదు. రెండు పక్కలా కలిపి సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది లేకపోతే తప్పు స్ప్రింగుది కాదు, పొరలు పొరలుగా పేరుకున్న రంగుది. పట్టేస్తున్న రెక్కను బిగువు పెంచి కదిలించాలని చూడటం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. రెక్క ఎలాగోలా కదులుతుంది గానీ బుష్ త్వరగా అరిగిపోతుంది, అడుగు బ్రాకెట్ స్క్రూలు చెక్కలోంచి ఊడివస్తాయి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి.

విప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. చుట్టుకుని ఉన్న స్ప్రింగు కడ్డీని ఒక్కసారిగా వదిలేస్తే అది గిర్రున తిరిగి వేళ్లను కోస్తుంది. తోలు గ్లవ్సు, కళ్లద్దాలు వేసుకోండి. బిగువు తక్కువగా ఉండేలా రెక్కను వీలైనంత పైకి ఎత్తి, కొలిచి కోసిన చెక్క ముక్కను కింద ఆనించండి. మనిషి చేతులతో ఆపి ఉంచవద్దు. కడ్డీని బ్రాకెట్‌కు కాస్త పైన ప్లయర్‌తో గట్టిగా పట్టుకున్నాకే బ్రాకెట్ స్క్రూలు విప్పండి. కడ్డీ కొసన అడ్డపిన్ను ఉన్న రకమైతే, పిన్నును పట్టే కొక్కెం ఉన్న తిప్పుడు పనిముట్టుతో తప్పించండి. తరవాత పట్టు సడలకుండా ఒక్కో చుట్టు చొప్పున వదులుతూ లెక్కపెట్టండి. ఎడమకు ఎన్ని, కుడికి ఎన్ని అనేది చట్రం లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకోండి. ఈ అంకె తరవాత బాగా పనికొస్తుంది. బిగువు మొత్తం పోయాక రెక్క తీసి, చివరగా పై స్క్రూ విప్పండి.

బయటికి తీసిన గొట్టాన్ని తెరవడానికి ప్రయత్నించకండి. కొసలు నొక్కి మూసి ఉంటాయి, తెరిస్తే మళ్లీ నిలవవు. కడ్డీ మీద రంగు పడితే రంగు తీసే ద్రావణంతో, పైపై తుప్పు పడితే సన్నని స్టీల్ ఊలుతో శుభ్రం చేసి, కొద్దిగా సిలికాన్ స్ప్రే కొట్టి గుడ్డతో తుడవండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. స్ప్రింగు తెగినా, కడ్డీ వంగినా, బుష్ అరిగి కడ్డీ గొట్టం అంచుకు గీసుకుంటున్నా కొత్తది వేయాల్సిందే. ఒక పక్కే పాడైనా రెండూ కలిపి మార్చండి. పాతదీ కొత్తదీ ఒకే బలంతో లాగవు, రెక్క మళ్లీ ఏటవాలవుతుంది.

కొత్తదాన్ని ఎంచుకోవడానికి కావలసింది బరువు. బరువు చూసే యంత్రం మీద రెక్క పట్టుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి నిలబడి తేడా తీయండి. అద్దం, పుట్టీ, పిడి, గడియ అన్నీ ఉన్నప్పుడే తూచాలి. అద్దం మార్చే ఆలోచన ఉంటే ముందు అది మార్చేసి తూచండి. మిల్లీమీటరు మందం ఉన్న అద్దం చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. 80 సెంటీమీటర్లకు 60 ఉన్న పాత 3 మిల్లీమీటర్ల అద్దం 3.6 కిలోలు. అదే చోట రెండు 4 మిల్లీమీటర్ల పలకల జోడీ వేస్తే 9.6 కిలోలు. ఆరు కిలోల తేడాను పాత స్ప్రింగు ఎన్ని చుట్లు తిప్పినా మోయలేదు. కొనేటప్పుడు బ్యాలెన్స్ మీద రాసిన బరువు జోడీకా, ఒక్కదానికా అనేది తప్పకుండా అడగండి. ఇక్కడ పొరబడితే బలం సగమో రెట్టింపో అవుతుంది.

ఇంకా రెండు కొలతలు కావాలి. రెక్క పూర్తిగా పైన ఉన్నప్పుడు పై స్క్రూ నుంచి రెక్క అడుగు అంచు దాకా ఎంత ఉందో చూడండి. గొట్టం పొడవు అంతకంటే తక్కువ ఉండాలి, లేకపోతే రెక్క పూర్తిగా తెరుచుకోదు. రెక్క పూర్తిగా దిగినప్పుడు అదే దూరం మళ్లీ కొలవండి. కడ్డీ అంతదాకా బయటికి రాగలగాలి. పాతదాంతో పోల్చేటప్పుడు కడ్డీని వదిలేసి గొట్టం మాత్రమే కొలవండి. గొట్టం వ్యాసం కూడా రాసుకోండి. అది కూర్చునే గాడి దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు వెడల్పుగా, లోపల రంగు ముద్దలు లేకుండా ఉండాలి.

బిగించేటప్పుడు పాత స్క్రూ రంధ్రం వదులైతే, జిగురు పూసిన గట్టి చెక్క ముక్కను కొట్టి, ఆరాక కొత్త రంధ్రం వేయండి. పై స్క్రూను గొట్టం నలిగేదాకా బిగించవద్దు. గొట్టం వంకరపోతే కడ్డీ లోపల గీసుకుంటుంది. రెక్కను చట్రంలో పెట్టి, పైకెత్తి, చెక్క ముక్క ఆనించాక కడ్డీని కొద్దిగా కిందికి లాగి పట్టుకుని, ఎటు తిప్పితే ఎదురు ఒత్తిడి పెరుగుతుందో అటు తిప్పండి. తయారీదారు కాగితంలో చెప్పినన్ని చుట్లు తిప్పాలి. పాత రకాన్నే మళ్లీ వేస్తూ కాగితం దొరక్కపోతే మీరు రాసుకున్న అంకెతో మొదలుపెట్టండి. రెండు పక్కలా ఒకే లెక్క ఉండాలి. బ్రాకెట్ బిగించాక రెక్కను పైన, మధ్యలో, అడుగున ఆపి చూడండి. సరిచేయాల్సి వస్తే పక్కకు ఒక్కో చుట్టు చొప్పున, రెండు పక్కలా మార్చండి. నిండా చుట్టినా రెక్క నిలవకపోతే ఆపేయండి, మీరు తెచ్చిన బ్యాలెన్స్ ఆ బరువుకు చాలదు.

పై రెక్కను వేరుగా పరీక్షించండి. అది మూసి ఉండే చోటే స్ప్రింగు అతి తక్కువ చుట్టుకుని ఉంటుంది కాబట్టి బిగువు ఏమాత్రం తగ్గినా ముందు అదే జారి, పైన సందు ఇస్తుంది. చాలా ఇళ్లలో ఆ రెక్కకు మేకు కొట్టేసి కదలకుండా చేస్తారు. ఆ మేకు తీసి, రెండు చుట్లు పెంచి చూడండి. ఎక్కువసార్లు అంతే చాలు.

వచ్చే పాఠంలో గొట్టం లేని రకం, చట్రం పైభాగాన గూట్లో కూర్చుని స్టీలు పట్టీతో రెక్కను లాగే చుట్ట స్ప్రింగుల పని చూద్దాం. దానికి రెక్క కొలతలతోపాటు ఆ గూడు లోతు, వెడల్పు కూడా కొలిచి పెట్టుకోండి.