దైకోకు చేతిలో ఊడిన సుత్తిని ఇలా అతికించాను

టోక్యోలో పాత సామాన్ల సంతలో కొన్న దైకోకు చెక్క బొమ్మకి చలికాలంలో సుత్తి ఊడొచ్చింది. జపాన్ వాళ్ల ఏడుగురు అదృష్ట దేవతల్లో ఈయన ఒకరు. బియ్యం బస్తాల మీద నిలబడి, భుజాన సంచీ, చేతిలో వరాల సుత్తితో నవ్వుతుంటారు. మూలం మన మహాకాలుడే, అందుకే నాకు మరీ ఇష్టం. సుత్తి ఊడేసరికి టెన్షన్ పడ్డాను.

సూపర్ గ్లూ వాడలేదు, గట్టిపడితే మళ్లీ విప్పలేం. అక్కడ చెక్క పనికి వాడే నికవా అనే పశుచర్మపు జిగురైతే వేడి నీళ్లకి వదులుతుంది. చన్నీళ్లలో నానబెట్టి, గిన్నెను వేడి నీళ్లలో ఉంచి 60 డిగ్రీల దగ్గర కరిగించాను. మరిగితే పట్టు పోతుంది. పిడి చివర గోధుమరంగు పెచ్చులా మిగిలిన పాత జిగురును గోరువెచ్చటి తడి దూదితో మెత్తబరిచి తీశాను. రెండు వైపులా పల్చగా రాసి, దారంతో బిగించి, మర్నాటి దాకా కదపలేదు.

వీపు మీది సన్నటి పగులును మాత్రం పూడ్చలేదు. టోక్యో చలికాలం పొడిగా ఉంటుంది, పైగా ఏసీ వేడిగాలి. చెక్క ముడుచుకుని పగులు విచ్చుకుంటుంది. జూన్ వానలకి ఉబ్బి మళ్లీ దగ్గరవుతుంది, అప్పుడు లోపల నింపిందే చెక్కను ఒత్తుతుంది. అందుకే బొమ్మను ఏసీ గాలి తగలని అరలోకి మార్చాను. సుత్తి గట్టిగా ఉంది, పగులూ పెరగలేదు.