ఇండ్ ఏఎస్‌కు మారడం – 4వ పాఠం: ఆ రోజుకు తెలిసినంత వరకే

ఈసారి ఆర్థిక సాధనాల గురించి చెబుతానన్నాను. పాత అకౌంటింగ్ పద్ధతి నుంచి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలకు ఒక కంపెనీ మారే తేదీ ఏదో చెప్పి, ఆ రోజు నాటి బ్యాలెన్స్ షీట్ కట్టమని పోయిన పాఠం చివర లెక్క ఇచ్చాను. మీరు పంపిన జవాబులు చూశాక ఆర్థిక సాధనాలను వాయిదా వేశాను. మనం ఇంకా తేదీ దగ్గరే ఆగిపోయాం.

మన గుంటూరు నూనె మిల్లు కంపెనీ షేర్లు మార్కెట్లో లిస్టు కాలేదు. దాని నికర విలువ (వాటాదారుల మూలధనం, పోగైన లాభాలు కలిపిన మొత్తం) 2025 మార్చి 31న మొదటిసారి 250 కోట్లు దాటింది. కాబట్టి 2025-26 నుంచి ఇండ్ ఏఎస్ తప్పనిసరి. ఇంతవరకు అందరూ సరిగ్గానే రాశారు. మారే తేదీ (కొత్త ప్రమాణాలతో మొదటి బ్యాలెన్స్ షీట్ కట్టాల్సిన రోజు) ఏదంటే మాత్రం చాలామంది 2025 ఏప్రిల్ 1 అన్నారు. కాదు. 2025-26 అంకెల పక్కన పోలికకు చూపే 2024-25 అంకెలు కూడా ఇండ్ ఏఎస్‌లోనే ఉండాలి. ఆ పోలిక సంవత్సరం మొదలైన రోజే, అంటే 2024 ఏప్రిల్ 1, మారే తేదీ. తాను మారక తప్పదని మిల్లుకు తెలిసేసరికే ఆ తేదీ వెళ్లిపోయి ఏడాదైంది. నికర విలువ 500 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు మొదటి విడతలో 2016-17 నుంచి మారినప్పుడు కూడా మారే తేదీ 2015 ఏప్రిల్ 1. కాకపోతే ఇండ్ ఏఎస్ రూల్స్ 2015 ఫిబ్రవరిలోనే వచ్చాయి కనుక వాళ్లకు ముందే తెలుసు.

కొందరు రీవాల్యుయేషన్ రిజర్వు (ఆస్తుల విలువ పెంచి రాసినప్పుడు పుట్టే నిధి) కూడా కలిపి 250 కోట్లు లెక్కగట్టారు. కంపెనీల చట్టం సెక్షన్ 2(57) దాన్ని నికర విలువలో కలపనివ్వదు. తీసేయండి.

ఇక 2024 ఏప్రిల్ 1 నాటి ఓపెనింగ్ బ్యాలెన్స్ షీట్. కొత్త ప్రమాణాలు ఒప్పుకునేవి చేర్చి, ఒప్పుకోనివి తీసేసి, తేడాను రిటైన్డ్ ఎర్నింగ్స్‌కు (పోగైన లాభాలకు) పంపడం మీకు వచ్చిన పనే. ప్లాంటుకు, భవనాలకు పాత పుస్తక విలువనే ఖరీదుగా అనుకోవచ్చని, మొదటిసారి మారేవాళ్ల కోసం ఉన్న ఇండ్ ఏఎస్ 101 వెసులుబాటు ఇస్తోంది. నేనైతే కళ్లుమూసుకుని తీసుకుంటాను. తీసుకుంటే అన్నిటికీ తీసుకోవాలి. బాయిలర్‌కు ఒక పద్ధతి, గోడౌన్‌కు ఒక పద్ధతి కుదరదు.

నన్ను విసిగించేది ఇంకొకటి ఉంది. తేదీ సరిగ్గా 2024 ఏప్రిల్ 1 అని రాసినవాళ్లు కూడా ఆ బ్యాలెన్స్ షీట్‌లో ఇవాళ తెలిసిన సంగతులు దూర్చేశారు. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టుంది వ్యవహారం.

ఒక సరఫరాదారు మిల్లు మీద కేసు వేశాడు. 2024 మార్చి 31న మిల్లు 40 లక్షల ప్రొవిజన్ (కట్టాల్సి రావచ్చని అంచనా వేసి ముందే పుస్తకాల్లో ఎక్కించే మొత్తం) పెట్టింది. ఆ ఏటి ఖాతాల మీద సంతకాలై, సెప్టెంబరులో వార్షిక సభ కూడా ముగిసింది. డిసెంబరులో తీర్పు వచ్చింది: 65 లక్షలు కట్టాలి. ఓపెనింగ్ బ్యాలెన్స్ షీట్‌లో ఎంత పెడతారు? మీలో చాలామంది '65, ఇప్పుడు ఖాయంగా తెలుసు కదా' అని రాశారు. తెలిసింది డిసెంబరులో! ఏప్రిల్ 1న ఉన్న అంచనా 40, కాబట్టి 40 లక్షలే. మిగతా 25 లక్షలు 2024-25 ఖర్చు. పాత పుస్తకాల్లోనూ అది అక్కడే ఉంది, కదపకండి. దాన్ని వెనక్కి జరిపితే 2024-25 లాభం 25 లక్షలు ఉబ్బుతుంది. ఆడిటర్ కన్ను ముందుగా పడేది అక్కడే.

దీనికి ఒక్కటే మినహాయింపు. 65 దాకా పోవచ్చని లాయరు 2024 ఫిబ్రవరిలోనే ఉత్తరం రాసి, అది ఫైల్లో ఉండగా ఎవరూ చూడలేదనుకోండి. అది అంచనా మారడం కాదు, అప్పటి తప్పు. ఓపెనింగ్‌లోనే దిద్దాలి. సమన్వయ పట్టికలో (పాత అంకెల నుంచి కొత్త అంకెలకు వచ్చిన తేడాలు చూపే పట్టికలో) ఆ మొత్తాన్ని ప్రమాణాలు మారడం వల్ల వచ్చిన తేడాలతో కలపకుండా విడిగా చూపాలి.

పాత పద్ధతిలో అవసరమే లేని అంచనాలకూ ఇదే నియమం. మిల్లు అద్దె గోడౌన్ చూడండి. ఏటా మార్చి 31న 12 లక్షల అద్దె, 2024 ఏప్రిల్ 1కి ఇంకా మూడేళ్లు ఉంది. అద్దెల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం ఆ అద్దెల ప్రస్తుత విలువ అప్పుగా ఎక్కాలి. ఏ వడ్డీ రేటుతో? ఆ రోజున బ్యాంకు మిల్లుకు అప్పిచ్చే రేటుతో, అది 10 శాతం అనుకుందాం. అప్పుడు అప్పు 29,84,222 రూపాయలు. ఇప్పటి రేటని 9 శాతం వేస్తే 30,37,554 వస్తుంది. 53 వేల పైచిలుకు తేడా. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.5 శాతం, 2025 జూన్ నాటికి 5.5. రేట్లు దిగిన సంగతి 2024 ఏప్రిల్ 1 బ్యాలెన్స్ షీట్‌కు తెలియదు. బ్యాంకు నుంచి ఆ నెల నాటి మంజూరు ఉత్తరం ఏదైనా ఉంటే వెతికి కాపీ ఫైల్లో పెట్టండి.

గోడౌన్ వాడుకునే హక్కును కూడా అదే 29,84,222 దగ్గర పెట్టేస్తాను. మొదటి నుంచీ ఇండ్ ఏఎస్ 116 ఉన్నట్టు వెనక్కి వెళ్లి కట్టే దారి కూడా ఉంది కానీ, పాత అగ్రిమెంట్లు తవ్వే ఓపిక నాకు లేదు. ఇలా చేస్తే రిటైన్డ్ ఎర్నింగ్స్ కదలవు. 2024-25లో తరుగుదల 9,94,741, వడ్డీ 2,98,422. పాత అద్దె ఖర్చు కంటే 93,163 ఎక్కువ. మొదటి ఏడు అలాగే ఉంటుంది, మూడో ఏటికి తక్కువవుతుంది.

అభ్యాసం: రెండో గోడౌన్. అద్దె మొదటి ఏడాది 18 లక్షలు, ఏటా 5 శాతం పెరుగుతుందని అగ్రిమెంట్‌లోనే ఉంది. 2024 ఏప్రిల్ 1కి నాలుగేళ్లు మిగిలాయి, చెల్లింపు ఏటా మార్చి 31న, రేటు 10 శాతం. ఎక్సెల్ ఫార్ములా వాడకుండా చేత్తో కట్టి 2024 ఏప్రిల్ 1, 2025 మార్చి 31, 2026 మార్చి 31 మూడు బ్యాలెన్స్ షీట్లలోకి వచ్చే అంకెలు, 25.168 శాతంతో డిఫర్డ్ టాక్స్ (పుస్తకాల లెక్కకూ పన్ను లెక్కకూ ఉన్న తేడా వల్ల తర్వాతి ఏళ్లకు మళ్లే పన్ను), 2024-25 లాభం సమన్వయ పట్టిక పంపండి. ప్రతి అంకె పక్కన అది ఏ తేదీ నాటి సమాచారమో రాయాలి. తేదీ లేని జవాబులు దిద్దను.