సోఫా కుషన్లలో ఫోమ్ మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కుషన్ కుంగిందని కొత్త ఫోమ్ కొనే ముందు, దానిని పక్కకు తీసి కింది చెక్కనూ, పట్టీలనూ, స్ప్రింగులనూ చేత్తో నొక్కి చూడండి. అవి సాగిపోయి ఉంటే ఎంత మంచి ఫోమ్ వేసినా మళ్లీ గుంట పడుతుంది. కుట్ల మడతల్లో నల్లులు లేవని కూడా నిర్ధారించుకోవాలి.

పాత ఫోమ్ అణిగిపోయి ఉంటుంది కనుక కొలతలు దాని నుంచి తీసుకోకూడదు. కవరును తిరగేసి, కుట్టు నుంచి కుట్టు వరకు కొలిచి, పొడవు వెడల్పులకు అర అంగుళం చొప్పున కలిపి కోయించుకుంటే మూలలు నిండుగా నిలుస్తాయి. నూలు కవరైతే ఉతికి ఆరబెట్టిన తర్వాతే కొలవాలి. కూర్చునే భాగానికి ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గని సాంద్రత గల ఫోమ్ అడగండి. సాంద్రత, గట్టిదనం ఒకటి కావు కనుక దుకాణంలో నొక్కి చూసి మాత్రమే నిర్ణయించడం సరికాదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది నిప్పు గురించి. సోఫాల్లో సాధారణంగా వాడే పాలీయురేథేన్ ఫోమ్ త్వరగా నిప్పంటుకుని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులను వెలువరిస్తుంది. దాన్ని అతికించే రబ్బరు జిగురు ఆవిరి కూడా మండేదే. అందువల్ల పొయ్యికీ, దేవుడి దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచిన గదిలోనే పని పెట్టుకోవాలి. పాత ఫోమ్‌ను పెరట్లో తగలబెట్టకుండా చెత్త బండికి అప్పగించండి.