పక్కసీటు ఖాళీ: ఎడారిలోకి ఒంటరిగా బండి తీసే ముందు

ఇద్దరు కలిసి వెళ్తే, ఒకరు తప్పు చేయబోతున్నప్పుడు రెండోవాళ్లు "ఆగాగు" అంటారు. నీళ్లు తాగి ఎంతసేపైందో గుర్తుచేస్తారు. ఇసుకలో చక్రం దిగబడితే ఒకరు యాక్సిలరేటర్ మీద ఉంటారు, ఒకరు కిందికి దిగి చూసి చెప్తారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ రెండో నోరు ఉండదు. పైగా ఎండ ముందు దెబ్బకొట్టేది ఆలోచనని. ఆలోచన చెదిరిన మనిషికి అది చెదిరిందని తెలియనే తెలియదు. అందుకని నిర్ణయాలన్నీ ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని తీసుకుని కాగితం మీద పెట్టుకోవాలి. ఎడారిలోకి వెళ్లాక ఆ కాగితం చెప్పినట్టు చేయడమే.

ఎప్పుడు, ఎటు

మండువేసవిలో ఒంటరిగా వద్దు. దీనిమీద వాదన అనవసరం. అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 56.7 డిగ్రీలు ఇప్పటికీ అధికారిక ప్రపంచ రికార్డు. అది గాలి వేడి మాత్రమే, నేల అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి జాతీయ పార్కును ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు మూసేస్తారు, వాళ్లకి వేసవి అప్పుడే కాబట్టి. అలా మూసేసే ఏర్పాటు లేనిచోట మనకి మనమే గేటు వేసుకోవాలి.

మొదటిసారైతే గంటకో బండైనా ఎదురయ్యే తారురోడ్డే ఎంచుకోండి. తారురోడ్డు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆస్ట్రేలియాలో నల్లార్‌బార్ వైపు వెళ్లే ఎయిర్ హైవే మీద 146.6 కిలోమీటర్ల పొడవునా ఒక్క మలుపు ఉండదు. స్టీరింగ్ తిప్పే పనే లేకపోతే కళ్లు తెరుచుకునే నిద్రలోకి జారతాం. నిద్ర వస్తున్నా రాకపోయినా రెండు గంటలకోసారి ఆపి, దిగి, నాలుగడుగులు వేయండి. దూరంగా రోడ్డు మీద నీళ్లలా మెరిసే ఎండమావిలో ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో కన్ను అంచనా వేయలేదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు అనుమానం వస్తే ఆగిపోవడమే.

ఇంటి దగ్గర ఒక మనిషి

పక్కసీట్లో ఉండాల్సిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాలి. నా దృష్టిలో మొత్తం సన్నాహంలో ఇదే పెద్ద పని. చాలామంది చేయనిదీ ఇదే. "చేరాక ఫోన్ చేస్తాలే" అనేసి బయల్దేరితే దాన్ని ఏర్పాటు అనరు.

ఒక కాగితం రాసివ్వండి. అందులో బండి నంబరు, రంగు, ముఖ్యంగా పైకప్పు రంగు (విమానంలోంచి వెతికేవాళ్లకి ముందు కనబడేది అదే), ఏ దారిన పోతున్నారు, రాత్రి ఎక్కడ ఆగుతారు, దగ్గర ఎన్ని లీటర్ల నీళ్లున్నాయి, రోజూ వేసుకునే మందులేమిటి, ఆ ప్రాంతపు పోలీసుల నంబరు ఏమిటి, అన్నీ ఉండాలి. దాని కింద షరతు ఇలా రాయండి: "రాత్రి 7 గంటలకి నా నుంచి కబురు రావాలి. రాకపోతే 9 దాకా చూడు. 9 దాటితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యి." మీ దగ్గర్నుంచి ఏ సందేశమూ రాకపోవడమే ప్రమాద సంకేతం అన్నమాట. మీరు సాయం అడగగలిగే స్థితిలో ఉంటారనే నమ్మకం మీద ఏ ఏర్పాటూ ఆధారపడకూడదు.

ఆ మనిషిని ఎంచుకోవడంలోనూ కొంచెం తెలివి కావాలి. అమ్మయితే ఏడూ అయిదుకే ఊరంతా లేపుతుంది. చిన్నప్పటి స్నేహితుడైతే "వాడికేంటి, వస్తాడ్లే" అని తెల్లారేదాకా పడుకుంటాడు. గడియారం చూసి, రాసినదాన్ని రాసినట్టు చేసే మనిషి కావాలి. అలాంటివాళ్లు ఎవరో మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటారు.

ఇక మీ వైపు షరతు ఒక్కటే. కాగితం మీద లేని దారిలోకి, ముందుగా కబురు చెప్పకుండా తిరగకూడదు. సిగ్నల్ లేక చెప్పలేకపోతే ఆ దారిని ఈసారికి వదిలేయడమే.

ఫోన్ సంగతి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు మీద ఎండకి పెట్టిన ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, సరిగ్గా దారి చీలేచోటే. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది కనుక అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. కాల్ కలవని చోట కూడా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్లిపోతుంది. జీపీఎస్ చూపించిందల్లా దారి కాదు. ఎప్పుడో వాడకం మానేసిన బాటల్ని కూడా అది నిక్షేపంగా చూపిస్తుంది. దాన్ని నమ్మి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలకి డెత్ వ్యాలీ రేంజర్లు "డెత్ బై జీపీఎస్" అని పేరే పెట్టారు.

సిగ్నల్ ఉండని దారుల్లో ఒంటరిగా తిరిగేవాళ్లకి పర్సనల్ లొకేటర్ బీకన్ అనే చిన్న పరికరం మంచిది. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌ మీద ఉపగ్రహాలకి సంకేతం వెళ్తుంది, అక్కడినుంచి రక్షణ దళాలకి. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్ల (ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరాల) విషయంలో మాత్రం చట్టం కనుక్కోండి. భారత్‌తో సహా కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా వాటిని వెంట ఉంచుకోవడం నేరం.

నీళ్లు

డెత్ వ్యాలీ లాంటి పార్కుల్లో మనిషికి రోజుకి సుమారు 4 లీటర్లు అని చెప్తారు. అది కనీసం. మండే ఎండలో పార పట్టుకుని పనిచేస్తే గంటకి లీటరుకి పైగా చెమటగా పోవచ్చు. నేను రోజుకి 8 లీటర్లు లెక్కేసి, దానికి రెండు రోజులు కలుపుతాను. మూడు రోజుల ప్రయాణమైతే అయిదెనిమిదులు నలభై. బరువే, కానీ బండే మోస్తుంది కదా. అన్నీ ఒకే పెద్ద క్యానులో పోయొద్దు, పగిలితే మొత్తం పోతుంది. చిన్న క్యాన్లలో పంచి, ఒకటి సీట్లోంచి చెయ్యి చాపితే అందేలా పెట్టుకోండి. బండి పల్టీకొట్టి డిక్కీ తెరుచుకోకపోతే అదొక్కటే దిక్కు. రేడియేటర్‌కి పోసే నీళ్లు వేరే.

దాహం వేసేదాకా ఆగొద్దు. వాచీలో అరగంటకో అలారం పెట్టుకోండి. నేనొకసారి దిగబడ్డ చక్రం చుట్టూ నడిమధ్యాహ్నం నలభై నిమిషాలు ఇసుక తవ్వాను. నీళ్ల సీసా సీట్లోనే ఉంది, గుర్తు రాలేదు. ఆ తర్వాత కారు తాళంచెవి కోసం జేబులన్నీ వెతికాను. అది నా ఎడమచేతిలోనే ఉంది. పక్కన ఎవరైనా ఉంటే నవ్వేవాళ్లు, ఆ వెంటనే నీడలో కూర్చోబెట్టేవాళ్లు. అలారం అప్పటినుంచే మొదలుపెట్టాను.

ఉన్న నీళ్లని చుక్కచుక్కగా దాచుకోవడం తెలివైన పని అనిపిస్తుంది గానీ, పొదుపు చేయాల్సింది చెమటని. పగలు కదలకుండా నీడలో ఉండి, అవసరమైనంత తాగాలి. అలాగని ఉత్తనీళ్లే లీటర్లకి లీటర్లు పట్టిస్తే ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పుగా ఉండే చిరుతిండి పెట్టుకోండి. బీపీ మాత్రలు, ముఖ్యంగా ఒంట్లో నీరు తీసేవి వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం కనబడితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. మాట తడబడేదాకా వస్తే అది వడదెబ్బ, అప్పుడు మీకు మీరు వైద్యం చేసుకోలేరు.

బండి

సర్వీసు చేయించడం, కూలంట్, బెల్టులు, బ్యాటరీ, ఇవి అందరికీ తెలిసినవే. టైర్ల దగ్గర మాత్రం కాస్త ఆగండి. గాట్లు నిండుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు, రబ్బరు వయసుతో ఎండిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. స్టెప్నీ మీద కూడా చూడండి. బండి కొన్నప్పటినుంచీ అది డిక్కీలోంచి బయటికి రాకపోయి ఉండొచ్చు. మట్టిదారుల్లోకి వెళ్తుంటే రెండో స్టెప్నీ ఉండాలి. ఇంటి ముందు ఒకసారి మీరే జాకీ వేసి చక్రం మార్చి చూడండి. ఇసుకలో జాకీ కిందికి దిగిపోతుంది కాబట్టి దాని అడుగున పెట్టడానికి మందపాటి చెక్కపలక ఒకటి.

ఇంధనం మూడు వంతులు చేసుకోండి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోనిది. మెత్తటి ఇసుకలో బండి మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతుంది. క్యాన్లలో నింపేటప్పుడు నేలమీద పెట్టి నింపాలి, పైన కొంచెం ఖాళీ వదలాలి, మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు. ఎక్కుడు దారిలో ఇంజిన్ వేడి ముల్లు పైకి పాకుతుంటే ఏసీ ఆపేయండి. ఇంకా పాకితే హీటర్ పూర్తిగా పెట్టండి. నరకంలా ఉంటుంది, కానీ ఇంజిన్ వేడి కొంత బయటికి లాగుతుంది. వేడిమీద రేడియేటర్ మూత తీయకండి. ఎండుగడ్డి మీదుగా వెళ్తే మధ్యమధ్య ఆగి బండి కింద చూడండి. సైలెన్సర్ దగ్గర చిక్కుకున్న గడ్డి అంటుకుని బండ్లు కాలిపోతాయి.

ఇసుక

ఇసుకలోకి దిగేముందే టైర్లలో గాలి తగ్గించాలి, దిగబడ్డాక కాదు. తారురోడ్డు మీద 32, 35 పాయింట్లు ఉండేదాన్ని 18, 20కి దింపితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుని బండి బరువుని పంచుతుంది. ఆ గాలితో వేగంగా పోకూడదు, స్టీరింగ్ ఒక్కసారిగా కోయకూడదు, టైరు రిమ్ములోంచి ఊడొస్తుంది. మళ్లీ తారు ఎక్కేముందు గాలి నింపుకోవాలి కాబట్టి చిన్న ఎలక్ట్రిక్ పంపు, గాలి కొలిచే గేజి దగ్గర ఉండాలి.

తెల్లవారుజామున ఇసుక చల్లగా, కొంచెం గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి అదే ఇసుక పిండిలా జారుతుంది. కష్టమైన భాగం పొద్దున్నే దాటేయండి. దిబ్బ ఎక్కితే నిటారుగా ఎక్కాలి, దిగితే నిటారుగా దిగాలి. ఏటవాలుగా పోతే బండి పక్కకి దొర్లుతుంది. అవతల ఏముందో కాలినడకన చూసొచ్చాకే ఎక్కాలి. ఆపేటప్పుడు ముందు భాగం పల్లం వైపు ఉండేలా ఆపుకోండి. ఉప్పు పర్రల మీద పైన పెచ్చు గట్టిగానే కనిపిస్తుంది, కింద బురద ఉంటుంది. ముందు పోయిన బండ్ల జాడ తప్పి పోవద్దు. జాడ తప్పకూడదనడానికి ఇంకో కారణం: ఈజిప్టులో అలమేన్ చుట్టుపక్కల రెండో ప్రపంచయుద్ధం నాటి మందుపాతరలు ఇంకా నేలలో ఉన్నాయి. పశ్చిమ సహారాలోనూ పాతరలున్నాయి.

చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఆ క్షణమే కాలు తీసేయాలి. ఇంకో రెండు సెకన్లు తొక్కితే అడుగుభాగం ఇసుక మీద కూర్చుంటుంది. దిగండి, నీళ్లు తాగండి. ఎండ మండుతుంటే పని సాయంత్రానికి వాయిదా వేయండి. తర్వాత నాలుగు చక్రాల ముందూ వెనకా, బండి కిందా ఇసుక తీసి, గాలి ఇంకా 15కి దింపి, రికవరీ బోర్డులు (పట్టు కోసం చక్రాల కింద పెట్టే పలకలు) వేసి, వచ్చిన జాడలోనే వెనక్కి రావడానికి చూడండి. సైలెన్సర్ గొట్టం ఇసుకలో పూడిపోయి ఉంటే ఇంజిన్ నడపొద్దు, విషవాయువు లోపలికి వస్తుంది. ఎవరో దారినపోయే పుణ్యాత్ముడు తాడు కట్టి లాగుతానంటే సంతోషమే గానీ, తాడు ట్రెయిలర్ తగిలించే బంతి మీద మాత్రం కట్టనివ్వకండి. ఆ బంతి తెగి ఎగిరితే గుండులా వచ్చి తగులుతుంది, మనుషులు చచ్చిపోయారు. ఛాసిస్‌కి బిగించిన కొక్కేనికే కట్టాలి.

దుమ్ము, వాన, రాత్రి

దుమ్ముతుఫాను కమ్మేస్తే రోడ్డు దిగి వీలైనంత పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పేయండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు పెడల్ మీద కాలు తీసేయండి. లైట్లు ఆర్పమంటే వింతగా ఉంటుంది. వెనకొచ్చేవాళ్లు మీ ఎర్రలైటే రోడ్డనుకుని దాని వెంబడే వచ్చి గుద్దేస్తారు, అందుకు.

ఎండిన వాగులో మెత్తటి ఇసుక చూసి డేరా వేయొద్దు. ఎక్కడో కనబడనంత దూరంలో కురిసిన వాన మీ మీదికి వరదగా వస్తుంది. అడుగు లోతు పరుగునీరు చాలు చిన్నకారుని కొట్టుకుపోవడానికి. రాత్రిపూట నడపొద్దు. ఒంటె బండికి అడ్డమొస్తే కాళ్లు పొడవు గనక ఒళ్లంతా అద్దం మీద పడుతుంది. పగటి కొలిమి రాత్రికి చలిగా మారుతుంది, దుప్పటి కావాలి. పొద్దున్న బూట్లు దులిపి తొడుక్కోండి, తేలు ఉండొచ్చు.

బండి ఆగిపోతే

బండి వదిలి నడవకండి. 1982లో పారిస్–డకార్ ర్యాలీ అనే ఎడారి కార్ల పందెంలో, అప్పటి బ్రిటన్ ప్రధాని కొడుకు మార్క్ థాచర్ జట్టు అల్జీరియా సహారాలో దారి తప్పింది. బండి దగ్గరే ఉన్నారు. ఆరు రోజులకి అల్జీరియా సైనిక విమానం వాళ్లని కనిపెట్టింది. ఆకాశంలోంచి కారు కనబడినట్టు మనిషి కనబడడు. "ఆ గుట్ట దగ్గరే కదా" అనిపించేది కూడా, తేట గాలిలో దూరం దగ్గరగా కనబడే మోసమే.

బానెట్ ఎత్తి ఉంచండి. పగలు కారు లోపల కూర్చుంటే ఉడికిపోతారు. పక్కన టార్పాలిన్ కట్టి, నేలకి ఆనకుండా సీటో పెట్టో వేసుకుని నీడలో ఉండండి. విమానం చప్పుడు వింటే అద్దంతో ఎండని అటు తిప్పండి, ఆ మెరుపు కిలోమీటర్ల దూరం కనబడుతుంది. నేలమీద రాళ్లతోనో బట్టలతోనో పెద్ద "వి" గీస్తే సాయం కావాలని, "ఎక్స్" గీస్తే వైద్యం కావాలని అంతర్జాతీయ గుర్తు. స్టెప్నీని కాలిస్తే నల్లటి పొగ లేస్తుంది. ముందు గాలి పూర్తిగా తీసి, బండికి దూరంగా, గాలివాలు చూసి కాల్చాలి. చీకటి పడ్డాక కారులోకి వెళ్లి పడుకోండి.

ఇవేవీ అవసరం పడకుండా తిరిగొచ్చారనుకోండి. మొదటి పెట్రోలు బంకు దగ్గర సిగ్నల్ దొరకగానే, టీ కూడా తాగకముందే, ఇంటి దగ్గర గడియారం చూస్తూ కూర్చున్న ఆ మనిషికి ఫోన్ చేయండి. తొమ్మిది దాటితే వాళ్లు మీ పేరు చెప్పి పోలీసుల్ని లేపేస్తారు మరి.