సంక్రాంతికి అత్తవారింట్లో ఉన్నా చక్కెర మానడం ఎలా

రెండేళ్ల క్రితం అక్టోబరులో చేయించుకున్న రక్త పరీక్షలో నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల రక్తంలో చక్కెర సగటును చూపే లెక్క, 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశ అంటారు. మా నాన్నగారు కాలి పుండుతో ఏళ్ల తరబడి పడిన బాధను దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నప్పుడే చక్కెర మానేయాలనుకున్నాను. సంక్రాంతికి ఇంకా మూడు నెలలుంది. మా అత్తవారిది పూతరేకులకు పేరుపడ్డ ఆత్రేయపురం పక్క ఊరు.

మిఠాయిల సంగతి తర్వాత, ముందు మీ టీ కప్పు చూడండి. నేను రోజుకు నాలుగు టీలు తాగేవాణ్ణి. కప్పుకు రెండు చెంచాలు, చెంచాకు నాలుగు గ్రాములు. మొత్తం 32 గ్రాములు. రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మిఠాయి ముట్టకుండానే నేను ఆ గీత దాటేస్తున్నాను. అందుకే కప్పుకు వారానికి అర చెంచా చొప్పున తగ్గించాను. మూడో వారం కష్టంగా గడిచింది. ఆ వారం టీలో అల్లం ఎక్కువ దంచి వేసుకోండి, నోటికి ఘాటు తగిలితే తీపి మీదికి మనసు పోదు. నాలుగు వారాలకు చెంచా అవసరమే లేకుండా పోయింది. బయటి టీలో చాలా చోట్ల చక్కెర ముందే కలిపేస్తారు కాబట్టి బయట మజ్జిగకు మారిపోయాను.

బెల్లం వాడితే పరవాలేదని చాలామంది చెబుతారు. నమ్మకండి. బెల్లంలోనూ అత్యధిక భాగం చక్కెరే. తేనెనూ ఆ లెక్కలోనే వేసుకోండి. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు డాక్టరును అడగకుండా తిండి ఒక్కసారిగా మార్చకండి. చెమటలు పట్టి, చేతులు వణికి, చక్కెర పడిపోయినప్పుడు చక్కెర తీసుకోవాల్సిందే. అప్పుడు పట్టుదల పనికిరాదు.

ఇక పండగ. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి అల్లుడు వస్తే విస్తరి నిండా ఎన్ని రకాలు వడ్డిస్తారో తెలిసిందే. మొదటి ఏడాది నేను వడ్డన దగ్గర కూర్చుని, ‘నేను తీపి మానేశానండీ’ అన్నాను. తెల్లవారుజామున లేచి అరిసెలు వండిన అత్తయ్య గారు మారు మాట్లాడకుండా పళ్లెం వెనక్కి తీసుకుపోయారు. ఆ పూట ఆవిడ సరిగా అన్నం తినలేదని మా ఆవిడ రాత్రి చెప్పింది. నాకు చాలా బాధ వేసింది. విస్తరి ముందు కూర్చుని వద్దనడం తప్పు. చెప్పదలచుకున్నది వారం ముందే చెప్పాలి.

మరుసటి ఏడాది భోగికి వారం ముందు ఫోను చేశాను. నాన్నగారి కాలు సంగతి, నా రిపోర్టు సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘రేకు చుట్టేటప్పుడు పంచదార నా చేతిలోనే ఉంటుంది కదా అల్లుడు గారూ’ అన్నారు.

నిజమే. పూతరేకులో రేకు ఉత్త బియ్యప్పిండి. బోర్లించిన కుండ వేడెక్కాక, జారుగా రుబ్బిన పిండిలో గుడ్డ ముంచి దాని మీద లాగితే కాగితంలాంటి పొర లేస్తుంది. నెయ్యి, పంచదార చుట్టేటప్పుడే పడతాయి. ఆ ఏడాది నా కోసం రేకును తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, జీడిపప్పు పలుకులు, ఏలకుల పొడి చల్లి, పంచదార రెండు వేళ్లకు అంటినంతే వేసి చుట్టారు. అది ఒకటి, చాలా నెమ్మదిగా తిన్నాను. బియ్యమూ పిండిపదార్థమే కనుక ఒకటి దగ్గరే ఆగాలి.

అరిసెకు ఈ వీలు లేదు. పాకంలో పిండి కలిసిపోయాక బెల్లం తగ్గించలేం. వండేటప్పుడు పొయ్యి దగ్గర కూర్చోకండి. వేడి చలిమిడి చిన్న ముద్ద ‘రుచి చూడండి’ అంటూ చేతిలో పెడతారు, ఆ ముద్దలు లెక్కలోకి రావు. భోజనం చివర ఒక అరిసె తీసుకుని సగం మీ ఆవిడకు ఇవ్వండి. గుడిలో చక్కెర పొంగలి ఒక్క చెంచా కళ్లకద్దుకుని తీసుకోండి. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ రోజు గారెల మీదే ఉండండి.

తిరుగు ప్రయాణంలో కట్టే డబ్బాల సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. ఇంట్లో డబ్బా ఉంటే అర్ధరాత్రి చేయి దానిలోకే పోతుంది. ఈసారి మాకు జంతికలు, చేగోడీలు కట్టమన్నాను. అత్తయ్య గారు ఒక చిన్న పొట్లం విడిగా నా చేతికిచ్చారు. ఇంటికి వచ్చి విప్పి చూస్తే అందులో ఏమీ చుట్టని ఉత్త రేకులున్నాయి.